వైశాల్యం 17: డిసెంట్‌లో హద్దు 2, బిందువు మాత్రం దొరకదు

ప్రశ్న
మూడు భుజాలూ అకరణీయ సంఖ్యలై, వైశాల్యం 17 వచ్చే లంబకోణ త్రిభుజం కోసం వై² = ఎక్స్³ − 289ఎక్స్ వక్రం చూస్తున్నాను; దాని మీద వై సున్నా కాని అకరణీయ బిందువు దొరికితే త్రిభుజం దొరికినట్టే. బిందువులకి పై హద్దు కట్టే టూ-డిసెంట్‌లో ర్యాంకు (స్వతంత్ర బిందువుల సంఖ్య) 2 దాటదని తేలింది. కానీ (0, 0), (±17, 0) తప్ప ఒక్క బిందువూ తగలడం లేదు. వైశాల్యం 41కీ హద్దు 2 నే, అక్కడ (−9, 120) ఇట్టే దొరికింది. వెతుకులాట ఇంకా పెంచాలా? వైశాల్యం 157కి గణితవేత్త జాగియర్ ఇచ్చిన భుజాలు ఎంత పెద్ద భిన్నాలో చూశాక వదలబుద్ధి కావడం లేదు.

జవాబు 1
పెంచకండి, అక్కడ ఏమీ లేదు. అలాంటి త్రిభుజం ఉందో లేదో చూసే టనెల్ (1983) పరీక్ష కాగితం మీదే అయిపోతుంది. 2ఎక్స్² + వై² + 8జడ్² = 17 కి పూర్ణాంక సాధనలు లెక్కపెట్టండి. జడ్ = 0 అయితే (±2, ±3), నాలుగు. జడ్ = ±1 అయితే మిగిలేది 9; (0, ±3), (±2, ±1) కలిపి ఆరు, రెండు జడ్‌లకీ పన్నెండు. మొత్తం 16. ఇప్పుడు 8 బదులు 32 పెట్టండి: జడ్ = 0 ఒక్కటే కుదురుతుంది, 4. త్రిభుజం ఉండాలంటే మొదటిది రెండోదానికి సరిగ్గా రెట్టింపు కావాలి, కాలేదు. ప్లస్-మైనస్‌లు విడివిడిగా లెక్కేయకపోతే ఇక్కడే తప్పు పోతుంది.

త్రిభుజం లేదనే ఈ దిశలో బర్చ్–స్విన్నర్టన్-డయ్యర్ కంజెక్చర్ (ఇలాంటి వక్రాల ర్యాంకు గురించి ఇంకా పూర్తిగా రుజువు కాని ఊహ) అక్కర్లేదు. 41కి 32, 16 వస్తాయి. అలా రెట్టింపైనప్పుడే త్రిభుజం ఉందనడానికి అది కావాలి. మీకు ఆ బెంగ లేదు, మీ బిందువు నుంచే 40/3, 123/20, 881/60 వచ్చేస్తాయి.

జవాబు 2
మరి డిసెంట్ హద్దులో ఆ 2 ఎక్కడిదంటే, షా నుంచి (లోకల్ పరీక్షలన్నీ దాటినా అకరణీయ బిందువు లేని వక్రాల గ్రూపు అది). డిసెంట్ లెక్కగట్టే సెల్మర్ గ్రూపు డైమెన్షన్ 4. అందులో టార్షన్ (కొన్నిసార్లు కూడితే సున్నా అయ్యే బిందువులు) వాటా 2, మిగతాది షా. డిసెంట్ చూసేది లోకల్ సాధనలనే (నిజ సంఖ్యల్లో, ఒక్కో ప్రధాన సంఖ్య దగ్గర విడిగా) కాబట్టి నిజమైన బిందువులనీ షానీ అది విడదీయలేదు.

అదే పనిని రెండు మెట్లుగా చేసే 2-ఐసోజెనీ డిసెంట్‌లో వచ్చే 2వై² = ఎక్స్⁴ + 289జడ్⁴ తీసుకోండి. మాడ్యులో 17లో ఎక్స్ = 1, వై = 3 సరిపోతుంది, 17 ఘాతాలన్నిటికీ హెన్సెల్ లెమ్మా‌తో పైకెత్తవచ్చు. 2 దగ్గర ఎక్స్ = జడ్ = 1 పెడితే వై² = 145; అది 8తో భాగిస్తే శేషం 1, కాబట్టి 2-ఎడిక్ వర్గమే (2 ఘాతం ఏది తీసుకున్నా ఆ మాడ్యులోలో వర్గమే). మిగతా ప్రధాన సంఖ్యల దగ్గర సాధనల సంఖ్యకి హద్దు ఇచ్చే హాసే–వెయిల్ సిద్ధాంతం చూసుకుంటుంది. అయినా శూన్యం కాని అకరణీయ సాధన లేదు.

జవాబు 3
పారీ/జీపీ సాఫ్ట్‌వేర్‌లో ఈ వక్రం ఎల్-ఫంక్షన్ (ఒక్కో ప్రధాన సంఖ్య మాడ్యులోలో బిందువుల లెక్కలతో కట్టే ఫంక్షన్) విలువ 1 దగ్గర సుమారు 2.54 వస్తుంది. బర్చ్–స్విన్నర్టన్-డయ్యర్ సూత్రంలో పీరియడ్ (వక్రం మీది సమాకలనం) 1.272, టామగావా లబ్ధం (2, 17 దగ్గరి గుణకాలు) 8, టార్షన్ బిందువుల సంఖ్య వర్గం 16 వేసి చూడండి, షా సైజు సరిగ్గా 4. 41కి రెండో స్వతంత్ర బిందువు కావాలంటే (841, 24360).