భుజం గూడు మళ్లీ మళ్లీ జారుతుంటే ఆపరేషన్ తప్పదా?

రైడర్ అన్న: మా తమ్ముడికి 19 ఏళ్లు. కబడ్డీలో పడి మొదటిసారి కుడి భుజం జారింది. ఇప్పుడు నిద్రలో చెయ్యి తల మీదకి వెళ్లినా, బస్సులో పై రాడ్ పట్టుకున్నా జారిపోతోంది, గ్రౌండ్‌లో ఫ్రెండ్సే లాగి ఎక్కించేస్తున్నారు. డాక్టరుగారు ఆపరేషన్ అంటున్నారు. అమ్మేమో పుత్తూరు కట్టు కట్టించి ఫిజియో చేయిద్దాం అంటోంది. మీరేమంటారు?

నిదానం రావు: అమ్మగారి మాటే నాదీ. స్వీడన్‌లో హొవేలియస్ బృందం మొదటిసారి భుజం జారినవాళ్లని 25 ఏళ్ల పాటు గమనించింది. ఆపరేషన్ లేకుండా వైద్యం చేసిన 12–25 ఏళ్ల వాళ్లలో సగం మందికి మళ్లీ జారలేదు, లేదా జారినా కాలక్రమేణా కుదురుకుంది. ఊరికే కోయించుకోవడం ఎందుకండీ?

ఆర్థో పీజీ: రావుగారూ, ఆ లెక్క మొదటిసారి జారినప్పటి నుంచి. బస్సు రాడ్ పట్టుకుంటేనే జారుతోందంటే ఆ స్టేజీ దాటిపోయింది, మిగతా సగంలో పడ్డట్టే. లోపల కీలు గిన్నె అంచున ఉండే లేబ్రమ్ అనే మెత్తటి పట్టీ ఊడిపోతుంది, ఫిజియోతో కండ గట్టిపడుతుంది గానీ ఊడింది దాని చోటికి వెళ్లి అతుక్కోదు, కట్టుతో అసలే కాదు. పైగా జారినప్పుడల్లా గిన్నె ముందు అంచు ఎముక అరుగుతుంది. అది ఎంత పోయిందో 3డి సీటీలో చూశాకే ఏ ఆపరేషనో తేల్చాలి. కొద్దిగా పోతే కీహోల్‌లో, అంటే చిన్న రంధ్రాలు పెట్టి, లేబ్రమ్‌ని కుట్టేస్తారు. 20–25 శాతం దాకా పోతే కుట్లు ఆగవు, పక్కనున్న కోరకాయిడ్ ఎముక ముక్క తెచ్చి స్క్రూలతో బిగిస్తారు, దాన్నే లాతార్జే అంటారు, 1954 నాటి పద్ధతే.

నిదానం రావు: కీహోల్ చేయించుకున్నాక కూడా జారినవాళ్లు మా ఆఫీసులోనే ఉన్నారు మరి!

ఆర్థో పీజీ: ఎందుకుండరు? 20 లోపు వయసు, ఒంటి మీద పడే ఆట, ఎముక అరుగుదల, ఇవన్నీ కలిసినచోట వట్టి కుట్లని నేనూ నమ్మను. అలాగని లాతార్జే తేలికేం కాదు, నరాలకి దెబ్బ తగలొచ్చు, స్క్రూలతో ఇబ్బంది రావచ్చు.

లెఫ్టార్మ్ స్పిన్నర్: నేను కీహోల్ చేయించుకున్నా. ఆపరేషన్ ఒక పూట పని, అసలు టెన్షన్ ఆ తర్వాత. చెయ్యి కదలకుండా మెడకి వేలాడేసే స్లింగ్ తీశాక చొక్కా చెయ్యి తొడుక్కోడానికే ఇంకొకరు కావాలి, చెయ్యి పక్కకి తిప్పడం మళ్లీ మొదట్నుంచి నేర్చుకోవాలి. ఫిజియో ఎగ్గొట్టేవాడైతే డబ్బు దండగ. ఇంకో మాట, ఫ్రెండ్స్ లాగడం మాన్పించండి, నరం నలుగుతుంది. భుజం బయటివైపు మొద్దుబారినట్టుందేమో అడిగి చూడండి, ఉంటే వెంటనే డాక్టరుకి చెప్పాలి.

రైడర్ అన్న: మొద్దుబారడం లేదంటున్నాడు. ఎమ్మారై ఉంది, సీటీ తీయలేదు, రేపే రాయించుకుంటాం. వీడేమో ఇదంతా చదివి, సంక్రాంతి టోర్నమెంట్ ఆడేసి తర్వాత చూద్దాం అంటున్నాడు.

ఆర్థో పీజీ: వద్దు. ఇంకోసారి జారితే ఇంకాస్త ఎముక పోతుంది, కుట్లతో అయ్యేది స్క్రూలదాకా రావచ్చు.

నిదానం రావు: ఈ ఒక్క విషయంలో డాక్టరుగారితో నేనూ ఏకీభవిస్తున్నా.