అప్‌డేట్: క్షమాపణ లేని పాపం గురించి అడిగాను కదా

గుర్తులేనివారికి: మా పెదనాన్న వయసులో ఉన్నప్పుడు దేవుణ్ణి నోటికొచ్చినట్టు తిట్టారట. బైబిల్లో మత్తయి సువార్త 12:31-32లో పరిశుద్ధాత్మను (దేవుని ఆత్మను) దూషిస్తే క్షమాపణ లేదని చదివి, ఇక తనకు దారే లేదని తిండి కూడా సరిగా తినడం లేదు. ఏం చెప్పాలని అడిగాను.

మీలో చాలామంది ఆ వచనానికి ముందు ఏముందో చూడమన్నారు. అదే పనిచేసింది. పాస్టరు గారు ఇంటికొచ్చి 22వ వచనం నుంచి చదివించారు. యేసు గుడ్డి, మూగవాడైన ఒకణ్ణి బాగుచేస్తాడు. పరిసయ్యులు (అప్పటి యూదు మతనిష్ఠాపరులు) కళ్లారా చూసి కూడా అది దయ్యాల అధిపతి బయెల్జెబూలు పని అంటారు. ఆ హెచ్చరిక వాళ్లకు. తెలిసి తెలిసి మనసు రాయి చేసుకున్నవాడికి అసలు ఈ టెన్షనే ఉండదు కదా అన్నారు ఆయన.

పెదనాన్న మాత్రం అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. "నేనూ తెలిసే తిట్టాను" అన్నారు. అప్పుడు పాస్టరు గారు 1 తిమోతి 1:13 తీశారు. తాను ఒకప్పుడు దూషకుణ్ణని, అయినా కనికరం పొందానని అపొస్తలుడైన పౌలే అందులో రాసుకున్నాడు. పెదనాన్న కళ్లజోడు తుడుచుకుని ఆ వచనం మళ్లీ చదివారు, వేలు పెట్టి, మెల్లగా.

యేసును ఎరగనని బొంకినా క్షమాపణ పొందిన పేతురు, యేసు పక్కన సిలువ మీద చివరి ఘడియలో మారిన దొంగ అంటూ మీరిచ్చిన ఉదాహరణలు నాకు నచ్చాయి గానీ ఆయనకు పెద్దగా ఎక్కలేదు. వాళ్లెవరూ పరిశుద్ధాత్మ జోలికి పోలేదుగా అని ఆయన వాదన! లాయరు కావాల్సిన మనిషి.

ఇప్పుడు భోజనం చేస్తున్నారు. ఆదివారం గుడికి వస్తున్నారు. ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధన) దగ్గరికి మాత్రం ఇంకా వెళ్లడం లేదు, మేమూ బలవంతపెట్టడం లేదు.