‘కమ్యూనిటీ రైట్ టు బై’: తెలుగులో ఏమందాం?

ప్రశ్న: స్కాట్లండ్ భూసంస్కరణల మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. పల్లెల్లో పెద్ద ఎస్టేటు అమ్మకానికి వస్తే అక్కడి జనం కలిసి కొనుక్కునే హక్కు ఒకటుంది, ‘కమ్యూనిటీ రైట్ టు బై’ అని. పత్రికల్లో ‘సామాజిక కొనుగోలు హక్కు’ అంటున్నారు. అది చదివితే ఎవరికీ ఏమీ తట్టదేమో అనిపిస్తోంది. ‘లాండ్‌లార్డ్’కి ‘జమీందారు’ సరిపోతుందా?

జవాబు: ‘సామాజిక’ వద్దండి. మనకి ఆ మాట వినగానే సామాజిక వర్గం, అంటే కులం గుర్తొస్తుంది. ‘ఊరుమ్మడి’ అన్న మంచి మాట ఉండగా ఎందుకు?

అసలు చిక్కు ‘హక్కు’ దగ్గరుంది. స్కాట్లండ్ 2003 భూసంస్కరణ చట్టం రెండో భాగం ప్రకారం ఊరివాళ్ళు ఒక సంస్థగా ఏర్పడి, ఫలానా భూమి మాకు కావాలని ముందే రిజిస్టరులో నమోదు చేయించుకోవాలి. ఆ నమోదు 5 ఏళ్ళు చెల్లుతుంది, తర్వాత మళ్ళీ చేయించుకోవాలి. యజమాని అమ్మదలిస్తే మొదటి అవకాశం వీళ్ళది. అప్పుడు ఊళ్ళో ఓటింగు పెట్టాలి, ప్రభుత్వం ఒప్పుకోవాలి, స్వతంత్ర మదింపుదారు కట్టిన మార్కెట్ ధర ఇచ్చుకోవాలి. యజమాని అమ్మనంటే ఈ భాగం కింద చేసేదేమీ లేదు. కాబట్టి ‘తొలి’ అన్నది పేరులో ఉండి తీరాలి: ‘ఊరుమ్మడి తొలి కొనుగోలు హక్కు’. కాస్త పొడుగైనా లాక్కోవడం అన్న అనుమానం రాదు.

మరొకరు: మూడో భాగాన్ని మరిచిపోయారు సర్. అది క్రాఫ్టర్ల కోసం, అంటే పశ్చిమ ఉత్తర ప్రాంతాల్లో, దీవుల్లో చిన్న చెక్కలు సాగుచేసుకునే కౌలుదార్ల కోసం. వాళ్ళ సంఘం, యజమాని ససేమిరా అన్నా కొనొచ్చు. లూయిస్ దీవిలో పార్క్ ఎస్టేటు యజమాని కోర్టుకెక్కితే 2012లో అక్కడి పై కోర్టు చట్టం చెల్లుతుందంది. భూమి చేతులు మారేసరికి 2015 అయింది, అదీ చివరికి రాజీ మీద! అక్కడ ‘తొలి’ పెడితే తప్పు. రెండు హక్కులకి రెండు పేర్లు కావాలి.

మొదటి జవాబు రాసినవారు: నిజమే. దాన్ని ‘క్రాఫ్టర్ల కొనుగోలు హక్కు’ అనేద్దాం. క్రాఫ్టర్‌ని ‘కౌలుదారు’ అంటే మాత్రం మనవాళ్ళు ఏడాది కౌలు అనుకుంటారు. వాళ్ళకి 1886 నుంచీ చట్టరక్షణ ఉంది, తీసెయ్యడానికి లేదు, వారసులకీ వస్తుంది.

నల్గొండ సభ్యురాలు: మా దిక్కు దానికి పేరుంది కదా అన్నా, ‘రక్షిత కౌలుదారు’! 1950 నాటి హైదరాబాద్ కౌలు చట్టం. దొర నుంచి భూమి కొనుక్కునే హక్కు కూడా అందులోనే ఉంది. 38-ఈ సర్టిఫికెట్, అంటే రక్షిత కౌలుదారుకి భూమి సొంతమైందని ఇచ్చే కాగితం, అంటే ఇప్పటికీ పెద్దమనుషులకు తెలుసు. తేడా ఒక్కటే. ఇక్కడ హక్కు ఆ రైతుది, అక్కడ అందరిదీ కలిపి. ‘జమీందారు’ మాత్రం కుదరదు. జమీందారంటే శిస్తు వసూలుచేసి సర్కారుకి కట్టేటోడు. స్కాట్లండ్ లెయిర్డ్ భూమికే యజమాని. నన్నడిగితే ‘దొర’ అంటా, కానీ వ్యాసంలో ‘ఎస్టేటు యజమాని’ అని రాయుండ్రి.

ఇంకొకరు: ఈ సందర్భంలో యాజ్ఞవల్క్య స్మృతికి వ్యాఖ్యానమైన మితాక్షరలో దాని కర్త విజ్ఞానేశ్వరుడు ఉదహరించిన శ్లోకం చూడండి:

స్వగ్రామ జ్ఞాతి సామంత దాయాదానుమతేన చ
హిరణ్యోదక దానేన షడ్భిర్గచ్ఛతి మేదినీ

సొంత ఊరు, జ్ఞాతులు, సామంతులు, దాయాదుల అనుమతి, పైన బంగారం, ఉదకధార. ఈ ఆరింటితో భూమి చేతులు మారుతుందని. ఇక్కడ ‘సామంతులు’ అంటే చిన్న రాజులు కారు, పొలం గట్టు పక్కవాళ్ళు. చూశారా, అమ్మకంలో ఊరి మాట మనకీ ఉండేది.

మొదటి జవాబు రాసినవారు: శ్లోకం బాగుంది, కానీ దాన్ని అంత దూరం లాగకండి. ఊరి అనుమతి నలుగురికీ తెలియడం కోసమేననీ, అది లేకపోయినా అమ్మకం చెల్లుతుందనీ విజ్ఞానేశ్వరుడే అన్నాడు. ఊరు కొనుక్కోవచ్చని అందులో లేదు. దగ్గరి పోలిక కావాలంటే ముస్లిం ధర్మశాస్త్రంలోని ‘షుఫా’. భాగస్వామికో పొరుగువాడికో ముందు కొనే హక్కు.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. ‘ఎస్టేటు యజమాని’ ఖాయం చేశాను. ఇంకో సందేహం. మూల వ్యాసంలో ఐగ్ దీవిని 1997లో 15 లక్షల పౌండ్లకి కొన్నారని ఉంది. ‘ఊరుమ్మడి తొలి కొనుగోలు హక్కు కింద’ అని కలపనా?

జవాబు: కలపొద్దు! అప్పటికి ఆ చట్టం లేదు. చందాలు పోగుచేసి, బేరమాడి కొన్నారు. 1993లో వాయవ్య స్కాట్లండ్‌లోని అసింట్ క్రాఫ్టర్లూ అంతే. ఇలాంటివి చూశాకే చట్టం వచ్చింది. తెలుగులో వచ్చే వ్యాసాలు ఈ వరసని తిరగేస్తుంటాయి.

మరొకరు: 2018లో అమల్లోకి వచ్చిన ఇంకో హక్కుంది. వదిలేసిన, పట్టించుకోని భూమిని యజమాని అమ్మకపోయినా కొనొచ్చు. దీన్ని ‘బీడు భూమి’ అనొచ్చా?

నల్గొండ సభ్యురాలు: బీడు, పడావు రెండూ సాగు భూమికే. ఆ చట్టంలో కట్టడాలు కూడా ఉన్నాయి. ‘పాడుపెట్టిన ఆస్తి’ అంటే రెండూ వస్తయి.