టీవీలో ఊళ్ళన్నీ చూసేశాం, ఇప్పుడు ఏమీ చూడక్కర్లేని సముద్రం కావాలి

పెరంబూరు అత్తయ్య:

అందరికీ నమస్కారం. చెన్నైలో ఉంటూ సముద్రం ఎక్కడుందని అడుగుతోందేమిటి ఈవిడ అని నవ్వకండి. కాస్త పొడుగు సంగతి.

నేను ఐసీఎఫ్‌లో, అంటే పెరంబూరు రైలు పెట్టెల ఫ్యాక్టరీలో, స్టోర్స్ సెక్షన్‌లో చేసి రిటైరయ్యాను. సీట్లకు వేసే రెక్సిన్, కిటికీ రబ్బర్లు, బోల్టులు, ఇవన్నీ పుస్తకంలో రాసి ఫర్నిషింగ్ డివిజన్‌కి పంపడమే పని. ఆ పెట్టెలు దేశమంతా తిరిగాయి. నేను పెరంబూరు దాటింది తక్కువ. అత్తగారికి పక్షవాతం, పిల్లల పరీక్షలు, ఆ తర్వాత మా వారి మోకాళ్ళు, ఎప్పుడూ ఏదో ఒకటి. అందుకని మా ఇంట్లో ప్రయాణాలన్నీ టీవీలోనే.

ఇది ఇప్పటి అలవాటు కాదు. దూరదర్శన్‌లో సురభి అనే కార్యక్రమం వచ్చే రోజుల నుంచీ ఉంది. అందులో అడిగే ప్రశ్నకి జవాబు రాసి పంపడానికి రెండు రూపాయల కాంపిటిషన్ పోస్ట్‌కార్డు కొంటే మా మామగారు రెండు రూపాయలా అని గొణిగేవారు. బహుమతి రాలేదు, అది వేరే సంగతి. ఇప్పుడు మధ్యాహ్నం పూట సఫారీ చానల్ పెట్టుకుంటాం. మలయాళమే, కానీ ఇన్నేళ్ళు అరవంలో బతికాక సగం పైగా అర్థమవుతుంది. మధ్యలో ప్రకటనలు ఉండవు కాబట్టి మా వారు అక్కడే కునుకు తీస్తారు. రాత్రి జపాన్ టీవీ ఎన్‌హెచ్‌కే వాళ్ళ రైళ్ళు. ఒక్కటే పెట్టె, డ్రైవరు ఒక్కడే, వరిచేల మధ్య పోతుంటుంది. నేను ఊరి కంటే ముందు సీటు కుట్టు చూస్తాను. పాత రోగం.

అన్నిటికంటే మాకు నచ్చింది నార్వే వాళ్ళది. 2009లో వాళ్ళ ప్రభుత్వ టీవీ బెర్గెన్ నుంచి ఓస్లో దాకా రైలు ప్రయాణం మొత్తం వేసింది, ఏడు గంటల పైచిలుకు. ఇంజను ముందు కెమెరా పెట్టి అలా వదిలేశారు. సొరంగం వచ్చినప్పుడు మాత్రం పాత ఫిల్ములు, రైల్వే వాళ్ళ కబుర్లు చూపిస్తారు. 1222 మీటర్ల ఎత్తున ఫిన్సే అనే స్టేషను వస్తుంది, చుట్టూ మంచు. మా ఇంట్లో ఫిన్సే వచ్చేసరికి కుక్కర్ మూడో విజిల్ వేసింది. పప్పు దింపి వచ్చేసరికి రైలు ఇంకా మంచులోనే ఉంది, ఏమీ తప్పిపోలేదు. 2011లో వాళ్ళే ఒక ఓడని 134 గంటలు లైవ్‌లో చూపించారట. ఒడ్డున జనం జెండాలు ఊపుతూ నిలబడ్డారు. దాన్ని ముక్కలు ముక్కలుగా చూస్తున్నాం.

ఇప్పుడు అసలు ప్రశ్న. అమ్మాయి మమ్మల్ని సింగపూర్ ప్యాకేజీకి పంపుతానంటోంది. ఆ కాగితం చదివాను. ఏడింటికి టిఫిను, ఎనిమిదింటికి బస్సు, పదింటికి ఫలానా తోట, పన్నెండింటికి ఫలానా బొమ్మ ముందు ఫోటో. ఆ తోటా ఆ బొమ్మా మేం చూసినవే, మనకి నచ్చిన కోణంలో, కూర్చుని. చూడాల్సినవి టీవీ చూపించేసింది. ఇక స్వయంగా వెళ్ళేదంటూ ఉంటే చూడ్డానికి ఏమీ లేని చోటికే వెళ్ళాలని నాకు ఉంది. గదిలోంచి సముద్రం కనబడాలి. మెట్లు ఎక్కకూడదు. శాకాహారం దొరకాలి. పగటి రైలు ఉంటే మంచిది. రాత్రి పాటలు మోగకూడదు. గదిలో టీవీ ఉంటే మరీ మంచిది (మళ్ళీ నవ్వకండి, మా వారి షరతు అది).

మెరీనా ఉందిగా అనకండి. ఆదివారం సాయంత్రం మెరీనాలో సముద్రం కనబడాలంటే ముందు జనాన్ని పక్కకి జరపాలి.

ఈసీఆర్ బండి:

అత్తయ్య గారూ, మహాబలిపురం వెళ్ళండి, ఇంతోటిదానికి రైలెందుకు. కారులో గంటన్నర. కావాలంటే షోర్ టెంపుల్ ఉంది, వద్దంటే గదిలో ఉండండి.

పెరంబూరు అత్తయ్య:

బాబూ, ఆ దారిలో ఒక రిసార్ట్‌కి మా ఆడపడుచు వాళ్ళతో వెళ్ళాం. పక్క లాన్‌లో ఎవరిదో పెళ్ళి. రాత్రి ఒంటిగంట దాకా డీజే. అలల చప్పుడు కాదు కదా, మా వారి గురక కూడా నాకు వినపడలేదు.

అన్నానగర్ బ్యాక్‌ప్యాక్:

ఆంటీ, తప్పుగా అనుకోకండి. టీవీలో చూసింది ప్రయాణం కాదు. ఆ ఊరి వాసన, చెమట, దారి తప్పడం, తెలియని మనుషులతో బేరం ఆడడం, ఇవి లేకపోతే అది ఉత్త బొమ్మే. సింగపూర్ వెళ్ళండి, అక్కడికి వెళ్ళాక తెలుస్తుంది తేడా.

పెరంబూరు అత్తయ్య:

చెమటకీ బేరానికీ సింగపూర్ దాకా ఎందుకు నాయనా, పెరంబూరు మార్కెట్టు చాలు. నీ వయసులో నువ్వు చెప్పింది నిజమే. నడవగలిగిన వాళ్ళకి దారి తప్పడం సరదా. మా వారు దారి తప్పితే ఆటో వెతకాల్సింది నేను.

మాంబళం కోడలు:

అత్తయ్య గారూ, మీరు అడిగిన ఊరు నాకు తెలుసు. తరంగంబాడి.

మా నాన్నగారి షష్టిపూర్తికి తిరుక్కడయూర్ వెళ్ళాం. అక్కడ అమృతఘటేశ్వరుడి గుళ్ళో రోజూ ఎన్ని షష్టిపూర్తులు జరుగుతాయో చూస్తే మనం ఒక్కళ్ళమే ముసలివాళ్ళం కాలేదని ధైర్యం వస్తుంది. అక్కణ్ణించి తరంగంబాడి పది కిలోమీటర్లు కూడా లేదు. నాన్నకి తెగ నచ్చి తర్వాత మళ్ళీ తీసుకెళ్ళమన్నారు.

రైలు సంగతి ముందు చెప్తాను, మీకు అదే ముఖ్యం కదా. పగటిపూట చోళన్ ఎక్స్‌ప్రెస్ ఉంది, మయిలాడుదురైలో దిగాలి. సీటు కుట్టు మీరే చూసి చెప్పండి. చెంగల్పట్టు దగ్గర కొలవాయి చెరువు పట్టాల పక్కనే ఉంటుంది. వానలు బాగా పడిన ఏడాది రైలు నీళ్ళ అంచునే పోతున్నట్టు ఉంటుంది. విళ్ళుపురం నుంచి కడలూరు దాకా పెద్దగా ఏమీ లేదు, అప్పుడు భోంచేసేయండి. చిదంబరం దాటాక కొళ్ళిడం నది మీద పొడవాటి వంతెన. అక్కడ నిద్రపోవద్దు. మయిలాడుదురై నుంచి తరంగంబాడి ముప్ఫై కిలోమీటర్లు. కారైకాల్ బస్సులు ఉన్నాయి కానీ మోకాళ్ళ నొప్పులన్నారు కాబట్టి టాక్సీ తీసుకోండి.

ఊళ్ళోకి అడుగు పెట్టగానే ఒక తెల్లటి గేటు వస్తుంది, డేన్లు, అంటే డెన్మార్క్ వాళ్ళు, 1792లో కట్టింది. దాని కింద నుంచి నేరుగా ఒకే వీధి. వీధి చివర సముద్రం, పక్కన కోట. ఊరంటే ఇంతే. ఆ కోట డెన్మార్క్ వాళ్ళది. 1620లో తంజావూరు రఘునాథ నాయకుడు వాళ్ళకి ఇక్కడ వ్యాపారానికి చోటిచ్చాడు. మన తెలుగు కవే, రాజూ ఆయనే. అరవదేశంలో ఒక తెలుగు రాజు ఎక్కడో మంచుదేశం వాళ్ళకి ఇచ్చిన ఊరు. మీ నార్వే కూడా అప్పట్లో ఆ డెన్మార్క్ రాజు కిందే ఉండేది, కాబట్టి చుట్టరికం కలిసినట్టే! 1845లో వాళ్ళు దీన్ని ఇంగ్లిష్ వాళ్ళకి అమ్మేశారు. కారైకాల్, నాగపట్నం చుట్టుపక్కలే ఉన్నాయి కాబట్టి జనం అటు పోతారు, ఇది ఇలా ఉండిపోయింది. 1706లో జీగెన్‌బాల్గ్ అనే జర్మన్ పాదిరీ వచ్చి అరవం నేర్చుకుని, ఇక్కడే అచ్చుయంత్రం పెట్టాడు. ఆయన కట్టించిన 1718 నాటి చర్చి ఆ వీధిలోనే ఉంది, సమాధి కూడా అందులోనే.

ఒడ్డున మాసిలామణినాథర్ గుడి ఒకటుంది. పద్నాలుగో శతాబ్దం మొదట్లోది. సముద్రం ముందుభాగాన్ని తినేసింది. ఇప్పుడు అడ్డంగా పెద్ద పెద్ద రాళ్ళు పోశారు. 2004 సునామీ ఈ ఊరిని బాగా దెబ్బతీసింది. ఆ మాట ఎత్తితే మాకు కాఫీ తెచ్చిచ్చే పెద్దాయన వెంటనే లేచి వెళ్ళిపోయేవాడు, అందుకని మళ్ళీ అడగలేదు.

ఇవన్నీ ఒక పూటలో అయిపోతాయి. శుక్రవారం కోట మూసి ఉంటుంది, అది చూసుకోండి. ఆ తర్వాత ఇక ఏమీ లేదు. నిజంగా ఏమీ లేదు. మా తమ్ముడు మర్నాటికే విసుగెత్తి కారైకాల్ వెళ్ళి సినిమా చూసొచ్చాడు. నాన్న మాత్రం వరండాలో కుర్చీ వేసుకుని, పడవలు ఎన్ని వెళ్ళాయో ఎన్ని తిరిగొచ్చాయో లెక్కపెడుతూ కూర్చునేవారు. సాయంత్రం లెక్క తేలకపోతే కంగారు పడేవారు. తెల్లారగానే ఎండ నేరుగా మొహం మీద కొడుతుంది, తూర్పు సముద్రం కదా. పదకొండు దాటితే వరండాలో ఉండలేరు, కళ్ళు చెదిరిపోతాయి. మళ్ళీ నాలుగింటికి గాలి మళ్ళాక బయటికి రావాలి.

నీళ్ళలో దిగే సముద్రం కాదు. రాళ్ళు, అలల ఊపు. పాదాలు తడుపుకోవడానికి కూడా చోటు వెతుక్కోవాలి.

శాకాహారం: మేం దిగిన పాత బంగళా హోటల్లో పొద్దున్నే చెప్పి పెడితే సాంబారు, కూటు, అప్పడం చేసేవారు. చెప్పకపోతే మధ్యాహ్నానికి అన్నీ చేపలే. ఒక పూట తిరుక్కడయూర్ వెళ్ళిపోతే గుడి దగ్గర మెస్‌లు ఉంటాయి. మందులు పట్టుకెళ్ళండి, పెద్ద ఆస్పత్రి అంటే కారైకాల్ పోవాలి.

ఒక్కటే ఇబ్బంది. మా గదిలో టీవీ లేదు.

వేళచ్చేరిలో బాపట్ల:

మా సూర్యలంక ఉండగా అరవ ఊళ్ళు ఎందుకండీ? బాపట్ల నుంచి తొమ్మిది కిలోమీటర్లు. టూరిజం వాళ్ళ రిసార్ట్ ఒడ్డునే ఉంది. సరుగుడు తోటలు, వెడల్పాటి ఇసక. గోంగూర పచ్చడీ ముద్దపప్పూ అడిగితే ఎవరూ మన మొహం వింతగా చూడరు. కాకపోతే సోమవారం దిగి శుక్రవారం పొద్దున్నే బయల్దేరిపోవాలి. శని, ఆదివారాల్లో హైదరాబాద్ కార్లు దిగుతాయి. కార్తీక మాసంలో అసలు వద్దు, స్నానాలకి ఊళ్ళకి ఊళ్ళే వస్తాయి. అప్పుడు మీరు మెరీనాకి వెళ్ళడమే నయం.

ఇంకో మాట. కింద గదే అయినా నీళ్ళ దాకా ఇసకలో నడవాలి. మోకాళ్ళకి అది మెట్ల కంటే పాడు. మా అమ్మకి అదే అయింది.

ఎన్నూరు గాలి:

ఎక్కడికి వెళ్ళినా సంక్రాంతి రద్దీ తగ్గాక, మార్చి లోపు వెళ్ళండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, తుపాన్ల భయం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవలకి వేట నిషేధం. అవన్నీ కట్టేసి ఉంటాయి, నాటుపడవలే పోతాయి. పడవలు లెక్కపెట్టే ఆలోచన ఉంటే ఆ రెండు నెలలూ దండగ. పైగా ఎండ చంపేస్తుంది.

అన్నానగర్ బ్యాక్‌ప్యాక్:

ఆంటీ, పెరంబూరు మార్కెట్టు మాటకి లొంగిపోయాను. తరంగంబాడి నుంచి పూంపుహార్ దగ్గరే, టాక్సీలో ఒక రౌండు కొట్టి రావచ్చు. వేళాంగణ్ణి, నాగూరు దర్గా కూడా ఒకే రోజులో కవర్ చేసేయొచ్చు. లిస్టు రాసి పెట్టనా?

పెరంబూరు అత్తయ్య:

వద్దు. లిస్టు రాస్తే అదీ ప్యాకేజీయే అయిపోతుంది.

మాంబళం అమ్మాయీ, నువ్వు రాసింది మా వారికి పైకి చదివి వినిపించాను. రఘునాథ నాయకుడి దగ్గర తల ఊపారు, కొళ్ళిడం వంతెన దగ్గర లేచి కూర్చున్నారు, టీవీ లేదన్న దగ్గర మొహం మాడ్చుకున్నారు. మా అబ్బాయి ఆ నార్వే ఓడ మిగతా భాగాలు ఫోన్‌లో ఎక్కించి ఇస్తానన్నాడు. ముందు సముద్రం పెట్టుకుని ఫోన్‌లో ఇంకో సముద్రం ఎందుకురా అంటే, నాన్నకి మధ్యాహ్నం పదకొండు నుంచి నాలుగు దాకా ఏం చేస్తావమ్మా అన్నాడు. అదీ నిజమే, నోరు మూసుకున్నాను.

బాపట్ల బాబూ, గోంగూర మాట దగ్గర మనసు కాస్త ఊగింది. కానీ ఇసక సంగతి నువ్వే చెప్పి మంచిపని చేశావు. పచ్చడి సీసాలో పట్టుకెళ్తాను.

ఫిబ్రవరి అనుకుంటున్నాం. అమ్మాయి సింగపూర్ డబ్బులు ఎలాగూ ఇస్తానంటోంది కాబట్టి చోళన్‌లో ఏసీ పెట్టెనా, మామూలు రెండో తరగతి కిటికీయా అని ఇంట్లో గొడవ నడుస్తోంది. ఏసీలో అద్దం మసకగా ఉంటుంది, నాకు తెలుసు. మాంబళం అమ్మాయీ, మీ నాన్నగారు కూర్చున్న కుర్చీకి వీపు ఎత్తుగా ఉందా? చేతులు ఉన్నాయా? చేతులు లేని కుర్చీలోంచి మా వారు లేవలేరు.

మాంబళం కోడలు:

పేము కుర్చీ, చేతులు ఉన్నాయి, వీపు నడుం దాకానే. ఒక దిండు పట్టుకెళ్ళండి. గది బుక్ చేసేటప్పుడు 'కింద, సముద్రం వైపు' అని రెండు మాటలూ చెప్పండి. ఒక్కటే చెబితే ఇంకోటి వదిలేస్తారు. రైలుకి నేనైతే రెండో తరగతి కిటికీకే ఓటేస్తాను, ఫిబ్రవరిలో ఎండ అంత ఉండదు.