ఎగువ కాలనీలను కలుపుకొని వాన నీటి కాలువ బాగుచేసుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

నమస్కారం అండి. మేముండేది హైదరాబాద్‌లో, కూకట్‌పల్లి నాలాకు దగ్గర్లో. ఈ నాలా హుస్సేన్‌సాగర్‌లో కలుస్తుంది, అక్కడి నీరు మూసీకి పోతుంది.

తొలకరి వస్తోందంటేనే నాకు టెన్షన్. ఎండాకాలమంతా రోడ్ల మీద పేరుకున్న దుమ్ము, బండ్ల ఆయిల్, ప్లాస్టిక్ కవర్లు, ఇళ్లు కట్టేచోట పోసిన ఇసుక, అన్నీ మొదటి వానకే కాలువలోకి కొట్టుకొస్తాయి. పైగా పక్క వీధిలో మ్యాన్‌హోల్ పొంగి మురుగు కూడా అందులోనే కలుస్తుంది.

పోయిన మే నెలలో మా కాలనీవాళ్లం తలా కొంత వేసుకుని పూడిక తీయించి, కాలువకు జాలీ పెట్టించాం. ఎగువ నుంచి వచ్చిన చెత్తతో రెండో వానకే అది మూసుకుపోయి నీళ్లు ఇళ్లలోకి వచ్చాయి. ఇప్పుడు జాలీ తీసేయమని మావాళ్లే అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు.

నాలుగైదు కాలనీలు కలిసి ఇలాంటి పని చేసిన చోట ఖర్చు ఎలా పంచుకున్నారు? వాన పడుతున్నప్పుడు జాలీ దగ్గర చెత్త ఎవరు తీశారు? ఆయిల్ కలిసిన రోడ్డు నీటిని ఇంకుడు గుంతలోకి వదిలితే బోరు నీళ్లు పాడవుతాయా? అన్నిటికంటే ముఖ్యంగా, ఎగువ కాలనీ పెద్దలతో నిందిస్తున్నట్టు కాకుండా మాట ఎలా మొదలుపెట్టాలి?