సగటు వాడకం 60 శాతమే, అయినా స్విచ్ పోర్టులో డ్రాప్స్ ఎందుకు?

ప్రశ్న (కావలి):
నెల్లూరు నుంచి 10 గిగాబిట్ ఫైబర్ వస్తుంది. మా స్విచ్ నుంచి బిట్రగుంట వైపు 1 గిగాబిట్ పోర్టు. 5 నిమిషాల గ్రాఫులో వాడకం 60 శాతం దాటదు. అయినా ఆ పోర్టులో అవుట్‌పుట్ డ్రాప్స్ (బయటికి పంపలేక పడేసిన ప్యాకెట్లు) పెరుగుతున్నాయి. సీఆర్‌సీ ఎర్రర్లు (దారిలో పాడైన ఫ్రేములు) సున్నా. రాత్రిపూట ఫోన్ మాటలు తెగుతున్నాయి. ఫ్లో కంట్రోల్ (నిండినప్పుడు పంపేవాళ్లని కాసేపు ఆగమనడం) ఆన్ చేస్తే సరిపోద్దా అన్నా?

జవాబు (ఒంగోలు):
సీఆర్‌సీ సున్నా అంటే ఫైబర్‌ని అనుమానించక్కర్లేదు. ఇది మైక్రోబర్స్ట్ అబ్బయా, అంటే క్షణకాలం ఒక్కసారిగా వచ్చిపడే డేటా. నీ గ్రాఫు చూపేది 5 నిమిషాల సగటు, స్విచ్‌లో డేటా కాసేపు ఆగే మెమరీ, అదే బఫర్, నిండేది మిల్లీసెకన్లలో. 1 ఎంబీ (మెగాబైట్, అంటే 8 మెగాబిట్లు) డేటా 10 గిగాబిట్ మీద 0.8 మిల్లీసెకన్లలో వచ్చి పడుద్ది. ఆలోపు 1 గిగాబిట్ పోర్టులోంచి బయటికి పోయేది 0.1 ఎంబీ. మిగతా 0.9 ఎంబీ బఫర్‌లో ఆగాలి. చిన్న స్విచ్‌లో ఉండేదే కొద్ది ఎంబీలు, అదీ పోర్టులన్నీ పంచుకోవాలి.

ఫ్లో కంట్రోల్ జోలికి మాత్రం పోవద్దు. 802.3ఎక్స్ (ఫ్లో కంట్రోల్ ప్రమాణం) పాజ్ ఫ్రేము, అంటే 'ఆగు' అనే సందేశం, వెళ్తే నెల్లూరు లింకు మొత్తం ఆగుద్ది. బిట్రగుంట పోర్టు నిండితే కావలి టౌన్ వాళ్లు, ఫోన్ కాల్స్‌తో సహా, ఎందుకు ఆగాలి? ఒక్క పాజ్ గరిష్ఠంగా 65,535 క్వాంటాలు (ఒక్కోటి 512 బిట్లు పంపే సమయం), 10 గిగాబిట్ మీద దాదాపు 3.4 మిల్లీసెకన్లు.

నెల్లూరు రూటర్‌లోనే బిట్రగుంట వీల్యాన్‌కి (ఆ వైపు ట్రాఫిక్‌ని వేరుగా ఉంచే వర్చువల్ నెట్‌వర్క్) 950 మెగాబిట్ షేపింగ్ పెట్టించు, అంటే ఎక్కువైన డేటాని నిలిపి ఆ వేగంతోనే పంపడం. పోలీసింగ్ వద్దు, అది ఎక్కువైన డేటాని నిలిపి పంపదు, పడేస్తుంది.

ఇంకో జవాబు (కందుకూరు):
షేపర్ క్యూ (షేపింగ్‌లో డేటా ఆగే వరుస) మరీ పెద్దది పెట్టొద్దు. 1 గిగాబిట్ మీద 1 ఎంబీ క్యూ అంటే 8 మిల్లీసెకన్ల ఆలస్యం, 50 ఎంబీ అయితే 400. డ్రాప్స్ పోతాయి గానీ మాట వెనకబడుద్ది. వాయిస్‌కి డీఎస్‌సీపీ (ప్యాకెట్ మీద ప్రాధాన్యత చెప్పే గుర్తు) 46 మార్కు వేసి, రూటర్‌లోనూ స్విచ్‌లోనూ ముందుగా పోయే ప్రయారిటీ క్యూలోకి పంపండి.