మనిషి బీ కణాలకు సీపీజీ ఒక్కటి చాలా, టీ కణం సాయం కూడా ఇవ్వాలా?

కణశోధి:
మా ల్యాబ్‌లో రక్తం నుంచి వేరుచేసిన మనిషి బీ కణాలకు (యాంటీబాడీ చేసే తెల్ల రక్తకణాలు) సీపీజీ 2006 (బ్యాక్టీరియా డీఎన్ఏను పోలిన కృత్రిమ డీఎన్ఏ ముక్క) ఒక్కటే ఇస్తాం. ఐదారు రోజుల్లో చక్కగా విభజన జరుగుతుంది, మీడియంలో యాంటీబాడీ కనిపిస్తుంది. ఇప్పుడు మా పేపర్ చూసిన సమీక్షకుడు, టీ కణం సాయానికి బదులుగా వాడే సీడీ40 లైగాండ్, ఐఎల్-21 ఇవ్వకుండా ‘బీ కణాల సామర్థ్యం’ అని రాయొద్దంటున్నారు. నాకది అతిగా అనిపిస్తోంది. ఎలుక కణాలకు ఎల్పీఎస్ (బ్యాక్టీరియా పైపొరలోని పదార్థం) ఒక్కటే ఇచ్చి దశాబ్దాలుగా కొలుస్తూనే ఉన్నారు కదా?

తెల్లకణం:
సమీక్షకుడి మాటే సరైనదండి. ఎలుకతో పోలిక ఇక్కడ నిలవదు. మనిషి బీ కణాల మీద ఎల్పీఎస్‌ను గుర్తించే గ్రాహకం టీఎల్ఆర్4 చాలా తక్కువ, అందుకే ఎల్పీఎస్‌కు అవి పెద్దగా పలకవు. సీపీజీని గుర్తించే టీఎల్ఆర్9 కూడా అన్నిట్లో ఒకేలా ఉండదు. మెమరీ కణాల్లో, అంటే ఇదివరకే క్రిమినో టీకానో ఎదుర్కొన్న వాటిలో, ఎప్పుడూ ఉంటుంది. ఇంకా ఏదీ ఎదుర్కోని నైవ్ కణాల్లో మాత్రం బీసీఆర్ (క్రిమిని పట్టుకునే బీ కణం సొంత గ్రాహకం) సంకేతం అందాకే బాగా పెరుగుతుంది. రోగనిరోధక శాస్త్రవేత్త లాంజవెక్కియా బృందం 2003లోనే దీన్ని చూపించింది. నైవ్ కణాలు సీపీజీకి కొంత విభజన చెందినా, యాంటీబాడీ చేసే దశ దాకా వెళ్లేవి తక్కువ.

పెద్దవాళ్ల రక్తంలో మెమరీ కణాలు బీ కణాల్లో సుమారు మూడో వంతు. బొడ్డుతాడు రక్తంలో దాదాపు ఉండవు. ఈ రెండు నమూనాలనూ సీపీజీతో పోల్చి శిశువు బీ కణాలు బలహీనమని రాసేస్తే ఎంత అన్యాయం! అక్కడ కొలిచింది మెమరీ కణాల వాటానే.

ఎలిస్పాట్_రోజూ:
టీకా తర్వాత మెమరీ కణాలను లెక్కపెట్టేవాళ్లకు నైవ్ కణాలు పలకకపోవడమే మేలు కదండీ. మేం పీబీఎంసీలోనే (బీ కణాలను విడదీయని తెల్ల రక్తకణాల మిశ్రమం) ఆర్848 (టీఎల్ఆర్7, 8లను లేపే రసాయనం), ఐఎల్-2 కలిపి పెడతాం, పని జరిగిపోతుంది. సీడీ40 లైగాండ్‌తో తిప్పలు కూడా చెప్పండి. కరిగిన రూపంలో ఇచ్చి, అది గుంపు కట్టకపోతే సంకేతం బలహీనం. లైగాండ్‌ను తమ మీద మోసే ఫీడర్ కణాలు వాడితే వాటి మీద లైగాండ్ ఎంతుందో ప్రతి బ్యాచ్‌కీ చూసుకోవాలి, అదో టెన్షన్.

తెల్లకణం:
లెక్కింపుకి మీ పద్ధతి సరిపోతుంది, అందులో వాదన లేదు. కాకపోతే ఆర్848కి మిశ్రమంలోని ఇతర రోగనిరోధక కణాలు, అంటే ప్లాస్మసైటాయిడ్ డెండ్రైటిక్ కణాలు, మోనోసైట్‌లు కూడా లేస్తాయి. అవి వదిలే ఇంటర్‌ఫెరాన్, ఐఎల్-6 బీ కణాలకు తోడవుతాయి. ఆ ఫలితాన్ని బీ కణం సొంత శక్తిగా చెప్పలేం.

నేను ఇంత పట్టుబట్టేది రోగుల కోసం. సీడీ40 లైగాండ్ జన్యువు దెబ్బతిన్న హైపర్ ఐజీఎం (ఐజీఎం యాంటీబాడీ ఉన్నా ఐజీజీ వంటివి బాగా తగ్గే, పుట్టుకతో వచ్చే వ్యాధి) పిల్లల్లో బీ కణాలు నిజానికి బాగానే ఉంటాయి. కల్చర్‌లో సీడీ40 సంకేతం, తగిన సైటోకైన్ (ఐఎల్-21 లాంటి సంకేత ప్రోటీన్) ఇస్తే క్లాస్ మార్చుకుంటాయి, అంటే ఐజీఎం నుంచి ఐజీజీ వంటి రకాలకు మారతాయి. లోపం టీ కణంలో ఉందని అప్పుడే తెలుస్తుంది. ఆ పిల్లల్లో క్లాస్ మారిన మెమరీ కణాలు బాగా తక్కువ కాబట్టి, సీపీజీ ఒక్కటే పెడితే ఐజీజీ రాదు, నింద బీ కణం మీద పడుతుంది. టీఎల్ఆర్ సంకేతాన్ని కణం లోపలికి చేరవేసే ఐరాక్4, మైడీ88 ప్రోటీన్ల లోపాల్లో కథ తిరగబడుతుంది: సీపీజీకి పలకని కణాలు సీడీ40కి పలుకుతాయి. ఒక్క ఉద్దీపనతో వీళ్లలో ఎవరిది ఏ లోపమో ఎలా తేలుస్తాం?

కణశోధి:
మావీ రోగుల నమూనాలే. కణాలు కొద్దిగానే దొరుకుతాయి. ఏం పెట్టమంటారు?

తెల్లకణం:
మూడు వెల్స్ (కల్చర్ ప్లేట్‌లోని గుంటలు) చాలు: ఏమీ ఇవ్వనిది ఒకటి, సీపీజీ ఒకటి, సీడీ40 లైగాండ్‌తో ఐఎల్-21 ఒకటి. మెమరీ కణాల గుర్తు సీడీ27తో నైవ్, మెమరీ విడదీసేన్ని కణాలు లేకపోతే కనీసం వాటి వాటా మొదటి రోజే ఫ్లో సైటోమెట్రీలో (కణాలను వాటి గుర్తులను బట్టి లెక్కించే పద్ధతి) కొలిచి, ఫలితం పక్కనే ఇవ్వండి. బీసీఆర్‌ను లేపే యాంటీ-ఐజీఎం కలపాలనుకుంటే, తోక భాగం (ఎఫ్‌సీ) లేని ఎఫ్ఏబీ2 ముక్కలే తీసుకోండి. మొత్తం యాంటీబాడీ వేస్తే దాని ఎఫ్‌సీ భాగం బీ కణం మీది నిరోధక గ్రాహకం సీడీ32బీకి తగులుకుని సంకేతాన్ని అణచేస్తుంది. చివర్లో ప్రతి వెల్‌లో బతికున్న కణాలనూ లెక్కపెట్టండి. యాంటీబాడీ తగ్గింది కణాలు పలకకనా, చచ్చిపోయా అని సమీక్షకుడు తర్వాత అడిగేది అదే.